ఓడిపోయినవాడి కరపత్రాలకు నేనెందుకు పన్ను కట్టాలి? స్థానిక ఎన్నికల ప్రచారానికి ప్రజాధనం గురించి

ప్రశ్న: పౌరలేఖరి

నగర పాలక మండళ్ల వంటి స్థానిక సంస్థల ఎన్నికల్లో అభ్యర్థుల ప్రచార ఖర్చును కొంతవరకైనా ప్రజాధనం నుంచి భరించడం మంచిదా కాదా అన్న విషయంపై ఒక చిన్న పౌర బృందం కోసం నివేదిక తయారుచేసే పని నా మీద పడింది. అనుకూల వాదం నాకు తెలియనిది కాదు. పెద్ద మొత్తాలు ఇచ్చినవారు గెలిచినవారి నుంచి పెద్ద పనులే ఆశిస్తారు. స్థానిక సంస్థల్లో ఆ పనులు భూవినియోగ అనుమతులు, కాంట్రాక్టులు, లీజుల రూపంలో కంటికి కనిపించేంత దగ్గరలో ఉంటాయి. కాబట్టి కొందరి డబ్బు స్థానంలో అందరి డబ్బూ ఉంటే గెలిచినవారు అందరికీ జవాబుదారీగా ఉంటారన్నది ఆ వాదం సారం. వినడానికి బాగానే ఉంది.

అయితే మొన్నటి సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "ఓడిపోయినవాడి కరపత్రాలకు నేనెందుకు పన్ను కట్టాలి? అందులో రాసిన ఒక్క ముక్క కూడా నాకు నచ్చకపోయినా కట్టాలా?" అని అడిగారు. నా దగ్గరున్న కాగితాలన్నీ తిరగేసి, ఆలోచించి చెబుతానని కూర్చున్నాను. ఆ ప్రశ్నకు సూటి జవాబు ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియడం లేదు.

ప్రజలిచ్చిన చిన్న విరాళాలకు జతగా ఖజానా నుంచి మ్యాచింగ్ నిధులు ఇవ్వడం, ఓటర్లకే వోచర్లు పంచి తమకు నచ్చిన అభ్యర్థికి ఇమ్మనడం, అర్హత సాధించిన అభ్యర్థికి ఒకేసారి గ్రాంటు ఇవ్వడం, ఎన్నిక ముగిశాక ఖర్చు తిరిగి చెల్లించడం అనే పద్ధతులు ఉన్నాయని చదివాను. కాగితం మీద నాలుగూ న్యాయంగానే కనిపిస్తున్నాయి. ఆచరణలో ఏది నిలుస్తుందో, ఏది ఎక్కడ బెడిసికొడుతుందో దగ్గర నుంచి చూసినవారు ఎవరైనా చెప్పగలరా?

సమాధానం: లెక్కలపద్దు

మ్యాచింగ్ నిధుల పద్ధతి ఉన్న ఒక నగరంలో, మండలి సభ్యత్వానికి పోటీ చేసిన ఒక అభ్యర్థికి నేను కోశాధికారిగా పనిచేశాను. ఆ నగరం పేరు ఇక్కడ అనవసరం. నియమాలు చాలావరకు న్యూయార్క్ నమూనాలోనివే కనుక ముందు ఆ నమూనా సంగతి చెబుతాను.

1986లో న్యూయార్క్ నగర పాలనను అవినీతి కుంభకోణాలు కుదిపేశాయి. నగరంలోని అయిదు విభాగాల్లో (బరోల్లో) ఒకటైన క్వీన్స్ అధ్యక్షుడు డొనాల్డ్ మేన్స్ పదవికి రాజీనామా చేసి, ఆ తర్వాత ఆత్మహత్య చేసుకున్నారు. ఆ వేడిలోనే 1988లో ప్రచార నిధుల చట్టం వచ్చింది, అమలు కోసం ప్రత్యేకంగా ఒక బోర్డు ఏర్పడింది. మొదట్లో డాలరుకు డాలరు జతచేసేవారు. తర్వాత అది నాలుగింతలు, ఆరింతలు అయి, 2018లో ఓటర్లు ఆమోదించిన సవరణతో ఎనిమిదింతలైంది. అంటే నగరవాసి ఒకరు పది డాలర్లు ఇస్తే ఖజానా ఎనభై జత చేస్తుంది, అభ్యర్థి చేతికి తొంభై వస్తాయి. ఎంత ఇచ్చినా ఎనిమిదింతలు ఇస్తారని కాదు. ఒక్కొక్క దాత నుంచి మేయర్ పదవికి 250 డాలర్ల వరకు, మండలి సభ్యత్వానికి 175 డాలర్ల వరకు మాత్రమే జత చేస్తారు. దీనికి బదులుగా అభ్యర్థి వ్యయ పరిమితికి ఒప్పుకోవాలి, ప్రతి రూపంలోని ఖర్చుకూ కాగితం చూపించాలి, ఎన్నిక తర్వాత ఆడిట్‌కు కూర్చోవాలి, మిగిలిన ప్రజాధనం తిరిగి కట్టాలి.

అందరూ ఈ ఎనిమిదింతల సంఖ్య గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అసలు కథ అర్హత దగ్గర ఉంది. న్యూయార్క్‌లో మండలి అభ్యర్థి 5,000 డాలర్లు సేకరించాలి, అదీ తన నియోజకవర్గంలో నివసించే కనీసం 75 మంది నుంచి పది డాలర్లకు తగ్గకుండా విరాళం తెచ్చుకున్నాకే. డెబ్బై అయిదుగురు ఒక లెక్కా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించేది, మా దగ్గరా దాదాపు అదే నియమం.

ఒక రాత్రి కార్డులన్నీ బల్ల మీద పరిచి లెక్కపెడితే ఎనభై ఒకటి తేలాయి. విరాళం ఇచ్చినవారు పేరు, చిరునామా, వృత్తి, పనిచేసే చోటు రాసి సంతకం చేసే కార్డులవి. గండం గడిచిందనుకుని పంపించాం. తిరిగొచ్చిన జాబితాలో పన్నెండు కొట్టేశారు. ఇద్దరి ఇళ్లు రోడ్డుకు అవతలి వైపు ఉన్నాయి, నియోజకవర్గం సరిహద్దు ఆ రోడ్డు మధ్య నుంచే పోతుందని మాకు అప్పుడే తెలిసింది. ముగ్గురు దుకాణదారులు సొంత ఖాతా చెక్కుకు బదులు వ్యాపారం ఖాతా చెక్కు ఇచ్చారు, సంస్థల డబ్బు నిషిద్ధం. ఇద్దరు భార్యాభర్తల జంటలు ఒక్కో చెక్కు ఇచ్చి, మేం ఇద్దరం ఇచ్చామని సంతోషంగా చెప్పారు. చెక్కు మీద సంతకం ఒక్కరిదే కనుక జంటకు ఒక్కరే లెక్కకు వచ్చారు. మిగిలిన అయిదు కార్డులూ ఒకే చేతివ్రాతలో ఉన్నాయి. పెద్దవాళ్ల చేత రాయించడం ఎందుకని మా కార్యకర్త ఒకరు దయతలచి తనే నింపేశారు. ఉద్దేశం మంచిదే, కానీ బినామీ విరాళాలు కూడా చూడటానికి సరిగ్గా ఇలాగే ఉంటాయి కదా, అధికారిని తప్పుపట్టలేకపోయాను.

అరవై తొమ్మిది మిగిలాయి. నాలుగు రోజుల్లో మరో ఆరుగురు కావాలి. అంతవరకు సాయంత్రం కాగానే ఫోను పట్టుకుని, ఒక్కసారే పెద్ద మొత్తం ఇవ్వగలవారి జాబితా ముందేసుకుని కూర్చునే మా అభ్యర్థి, ఆ నాలుగు రోజులూ చేతిలో కార్డులతో ఎక్కని మెట్టు లేదు. ఆరుగురు కాదు, ముప్పై మంది దొరికారు. ఆ తర్వాత కూడా ఫోను జాబితా మళ్లీ బయటికి రాలేదు. కారణం ఆదర్శం కాదు, అంకగణితం: ఒక ఇంటి ముందుగదిలో ఇరవై మంది కూర్చుని తలా పది డాలర్లు ఇస్తే 1,800 డాలర్లు చేతికి వస్తున్నప్పుడు, ఒక భవన నిర్మాణ వ్యాపారి దర్శనం కోసం మధ్యాహ్నమంతా ఎదురుచూడటం దండగ.

ప్రజాధనం వచ్చినంత మాత్రాన ప్రైవేటు డబ్బు మాయమవుతుందని నేను చెప్పను. అభ్యర్థి డబ్బు కోసం ఎవరి తలుపు తడతాడన్నది మారుతుంది, నేను కళ్లారా చూసింది అదే. దీనికి పెద్ద ఎత్తున ఆధారం కూడా ఉంది. 2012లో బ్రెన్నన్ సెంటర్, క్యాంపెయిన్ ఫైనాన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థలు కలిసి చేసిన అధ్యయనంలో, 2009 న్యూయార్క్ మండలి ఎన్నికల్లో 175 డాలర్లకు మించని విరాళం ఇచ్చినవారు నగరంలోని జనగణన విభాగాల్లో దాదాపు 90 శాతం విభాగాల్లో ఉన్నారని తేలింది. అప్పటికి మ్యాచింగ్ లేని రాష్ట్ర శాసనసభ ఎన్నికలకు 2010లో అదే నగరంలో చిన్న దాతలు ఉన్న విభాగాలు 30 శాతమే. అవే వీధులు, అవే జనం, అడిగినవారు వేరు.

సమాధానం: సందేహి

లెక్కలపద్దు గారి అనుభవాన్ని కాదనను. అయితే ఆయన చెప్పినది అభ్యర్థి జేబులోకి వచ్చే డబ్బు గురించి మాత్రమే. ఎన్నికల్లో ఖర్చయ్యే డబ్బంతా అభ్యర్థి జేబు గుండానే పోవాలన్న నియమం ఎక్కడుంది? నీరు పల్లమెరుగు అన్నట్టు, ఒక దారి మూస్తే డబ్బు మరో దారి చూసుకుంటుంది.

అమెరికాలో ఈ దారిని చట్టం మూయలేదు. 1976లో బక్లీ వర్సెస్ వాలెయో కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఖర్చుపై నిర్బంధ పరిమితులు చెల్లవని, ప్రజాధనం తీసుకునేవారు స్వచ్ఛందంగా పరిమితికి ఒప్పుకోవచ్చని తేల్చింది. అంటే ఒప్పుకోనివారినీ, అభ్యర్థితో సంబంధం లేకుండా బయటి నుంచి ఖర్చుపెట్టే బృందాలనూ ఎవరూ ఆపలేరు. ఎదుటివారు ఎక్కువ ఖర్చుపెడితే ప్రజాధనం తీసుకున్నవారికి దానికి తగ్గట్టు అదనంగా ఇద్దామని అరిజోనా రాష్ట్రం ఒక ఏర్పాటు చేసుకుంది. దాన్ని కూడా 2011లో 5–4 తేడాతో కొట్టేశారు. దాంతో పరిమితికి ఒప్పుకున్న అభ్యర్థి చేతులు కట్టుకుని బరిలో దిగినట్టయింది.

ఇక వోచర్ల సంగతి చూద్దాం. సియాటిల్ ఓటర్లు 2015లో ఆమోదించిన పథకం ప్రకారం అర్హులైన ప్రతి నివాసికీ 25 డాలర్ల వోచర్లు నాలుగు పంపిస్తారు. ఖర్చుకు పదేళ్లపాటు ఏటా 30 లక్షల డాలర్ల ఆస్తి పన్ను. 2017లో మొదటిసారి వాడినప్పుడు అర్హుల్లో నూటికి అయిదుగురు కూడా వోచర్లు వాడలేదు, మిగిలినవారి ఇళ్లలో ఆ కాగితాలు పాత కరెంటు బిల్లుల కింద పడి ఉంటాయి. రెండేళ్లు తిరిగేసరికి, 2019 మండలి ఎన్నికల్లో అమెజాన్ సంస్థ ఒక్కటే వ్యాపార మండలి రాజకీయ నిధికి 14.5 లక్షల డాలర్లు ఇచ్చింది. 25 డాలర్ల కాగితాలు ఎన్ని పోగేస్తే ఆ మొత్తానికి సరితూగుతాయో లెక్కవేసుకోండి. ఆ నిధి బలపరిచిన అభ్యర్థుల్లో ఎక్కువమంది ఓడిపోయారని, ఆ డబ్బు ఎదురుతన్నిందని నాకూ తెలుసు. ఎదురుతన్నడం ఓటర్ల విజ్ఞత, దాన్ని పథకం ఖాతాలో వేయకండి.

ఒకేసారి గ్రాంటు ఇచ్చే పద్ధతి కథ ఇంకా చిన్నది. పోర్ట్‌లాండ్ నగరం 2005లో దాన్ని తెచ్చింది. మండలి అభ్యర్థి వెయ్యి మంది నుంచి తలా అయిదు డాలర్లు తెస్తే లక్షన్నర డాలర్లు ఇచ్చేవారు. మరుసటి ఏడాదే ఒక అభ్యర్థి విషయంలో సంతకాల ఫోర్జరీ, డబ్బు దుర్వినియోగం బయటపడ్డాయి. 2010లో ఓటర్లు స్వల్ప తేడాతో ఆ పథకాన్ని రద్దు చేశారు. అయిదు వేలు చూపిస్తే లక్షన్నర వచ్చే చోటికి ఎలాంటివారు వస్తారో ఊహించడానికి మేధావులు అక్కర్లేదు. మ్యాచింగ్ పద్ధతి దీనికి అతీతమేమీ కాదు. 2013లో న్యూయార్క్ మేయర్ పదవికి పోటీచేసిన నగర కంప్ట్రోలర్ (ఆర్థిక లెక్కలు చూసే అధికారి) జాన్ లూకు బోర్డు మ్యాచింగ్ నిధులు నిరాకరించింది. బినామీ విరాళాల వ్యవహారంలో ఆయన కోశాధికారి మీద, ఒక నిధుల సేకర్త మీద అప్పటికే కోర్టులో నేరం రుజువైంది. ఎనిమిదింతలు చేస్తామంటే బినామీ పేరు విలువ కూడా ఎనిమిదింతలు పెరుగుతుంది.

అందుచేత పెద్దాయన అడిగిన ప్రశ్న నాకు సబబుగానే తోస్తోంది.

సమాధానం: నిదానం

ఇంతవరకు సాగిన చర్చంతా అమెరికా నగరాల చుట్టూనే తిరిగింది. ఎన్నిక ముగిశాక ఖర్చు తిరిగి చెల్లించే పద్ధతికి ఫ్రాన్స్ మంచి ఉదాహరణ. అక్కడి మున్సిపల్ ఎన్నికల్లో, 9,000 మందికి తగ్గని జనాభా ఉన్న పట్టణాల్లో, మొదటి విడతలో కనీసం 5 శాతం ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థుల జాబితాకు (అక్కడ ఓటు వేసేది జాబితాకే) ప్రభుత్వం వ్యయ పరిమితిలో 47.5 శాతం వరకు తిరిగి చెల్లిస్తుంది. గెలిచారా ఓడారా అన్న ప్రశ్నే లేదు. అంతకంటే చిన్న ఊళ్లకు ఈ లెక్కల పీడా లేదు, ఈ చెల్లింపూ లేదు; ప్రతి ఊరికీ ఒకే యంత్రాంగం అక్కర్లేదన్న ఆ గీత నాకు నచ్చింది.

బయటి డబ్బు గురించి సందేహి గారి ఆందోళన అక్కడ చాలావరకు వర్తించదు. కంపెనీల విరాళాలు 1995 నుంచి పూర్తిగా నిషిద్ధం. ఒక వ్యక్తి ఒక ఎన్నికకు 4,600 యూరోలకు మించి ఇవ్వకూడదు. అభ్యర్థి తన చేత్తో డబ్బు ముట్టుకోడు, ముందుగా ప్రకటించిన ఆర్థిక ప్రతినిధి ద్వారానే రావాలి, పోవాలి. మొదటి విడత తర్వాత పదో శుక్రవారం సాయంత్రం ఆరు గంటలలోగా లెక్కలు జాతీయ ప్రచార ఖాతాల కమిషన్‌కు చేరాలి. లెక్కలు తిరస్కరిస్తే చెల్లింపు పోతుంది, వ్యవహారం ఎన్నికల న్యాయస్థానానికి వెళుతుంది, కొన్ని సందర్భాల్లో పోటీకే అనర్హులవుతారు.

లోపం ఎక్కడంటే, తిరిగి ఇచ్చేది అభ్యర్థి సొంతంగా పెట్టిన డబ్బు. అంటే ముందు పెట్టగలగాలి. చేతిలో ఉన్నవాడు పెడతాడు, లేనివాడు బ్యాంకుకు వెళతాడు, అయిదు శాతం వస్తాయో రావో తెలియని కొత్తవారిని చూసి బ్యాంకు మొహం చాటేస్తుంది. నాలుగు శాతం దగ్గర ఆగిపోయినవారికి చేతి చమురు వదిలినట్టే. ఆకలేసినప్పుడు కాకుండా చేయి కడుక్కున్నాక వడ్డించే భోజనం లాంటిది ఈ పద్ధతి; స్థిరపడిన పార్టీలకు ఇబ్బంది ఉండదు, కొత్త ముఖాలకు ఉంటుంది. పౌరలేఖరి గారు శాతాల కంటే ముందు, డబ్బు ఏ రోజున చేతికి వస్తుందన్న విషయం పరిశీలించాలని నా సూచన.

సమాధానం: చట్టరేఖ

చిన్న మాట. ఏ పద్ధతి బాగుందో తేల్చేముందు, ఆ నగరానికి ఆ అధికారం ఉందో లేదో చూడండి. కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 73 అనే చట్టం ఎన్నికల ప్రచారానికి ప్రజాధనం వాడకాన్ని నిషేధించింది. సొంత చార్టర్ (నగర పాలనకు మూల శాసనం) ఉన్న నగరాలకు అది వర్తించదని కోర్టు 1992లో తేల్చాకే లాస్ ఏంజెలెస్ వంటి నగరాల పథకాలకు ఊపిరి ఆడింది. పై ప్రభుత్వం చట్టం అడ్డుపడితే మీరు రాసేదంతా బూడిదలో పోసిన పన్నీరే.

సమాధానం: లెక్కలపద్దు

సందేహి గారు లేవనెత్తిన వాటిలో బయటి బృందాల ఖర్చు గురించి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నట్టు నటించను. దానికి మందు ప్రజాధనంలో లేదు. వేరే చట్టంలో వెతకాలి. సియాటిల్ కూడా 2020 జనవరిలో విదేశీ యాజమాన్య ప్రభావం ఉన్న కంపెనీల ఖర్చును పరిమితం చేస్తూ వేరే శాసనమే చేసుకుంది. కానీ ఆ నగరం ఓటర్లు వోచర్లను వదులుకోలేదు. 2025లో పథకానికి పన్ను కొనసాగించాలా అని అడిగితే కొనసాగించమనే ఓటేశారు. మొదటిసారి వోచర్లు మూలన పడ్డాయన్నది నిజమే, ఎవరూ వచ్చి అడగని వోచరు మూలనే పడుతుంది.

పరిమితికి ఒప్పుకున్నవారు చేతులు కట్టుకుని దిగినట్టేనన్న మాట మీద మాత్రం ఒక ఉదాహరణ చెప్పాలి. మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ 2014లో చట్టం చేసి, 2018 ఎన్నికల్లో మొదటిసారి అమలు చేసింది. అక్కడ అందరి విరాళానికీ ఒకే రేటు లేదు. కౌంటీ పాలనాధిపతి (ఎగ్జిక్యూటివ్) పదవికి మొదటి యాభై డాలర్లకు ఆరింతలు, తర్వాతి యాభైకి నాలుగింతలు, ఆ పై యాభైకి రెండింతలు. నూట యాభై ఇచ్చే ఒక్కరి ద్వారా ఖజానా నుంచి 600 డాలర్లు వస్తే, యాభై చొప్పున ఇచ్చే ముగ్గురి ద్వారా 900 వస్తాయి. మొత్తం అదే నూట యాభై. ఒక్కరి కంటే ముగ్గురు మేలని అభ్యర్థికి ఉపన్యాసం ఇవ్వకుండా, గుణకారంతోనే చెప్పే పద్ధతి ఇది. ఆ ఎన్నికలో ప్రజాధనం తీసుకున్న మార్క్ ఎల్రిచ్, లక్షల డాలర్ల సొంత డబ్బు కుమ్మరించిన డేవిడ్ బ్లెయిర్‌ను డెమొక్రటిక్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో 77 ఓట్ల తేడాతో ఓడించారు. 2022లో మళ్లీ ఆ ఇద్దరే తలపడ్డారు, ఈసారి తేడా 32 ఓట్లు. ప్రజాధనమే గెలిపించిందని చెప్పడానికి ఇది చాలదు. అది లేకపోతే అసలు పోటీ అంత దగ్గరికి వచ్చేదా అన్నది మాత్రం అడగదగిన ప్రశ్న.

ఆ 2018 ఎన్నికలోనే కౌంటీ మండలిలోని నాలుగు సీట్లకు ఒక్క డెమొక్రటిక్ పార్టీ నుంచే 33 మంది పోటీపడ్డారు. ఇది సందేహి గారి వాదానికే బలం ఇస్తుందనుకోండి. ఓటరు చేతిలో అంత పొడవు జాబితా పెడితే అది ప్రజాస్వామ్యమా తలనొప్పా అని అప్పట్లో చాలామంది అన్నారు. రెండేళ్ల ముందు పదవీకాల పరిమితి రావడంతో పాత సభ్యులు తప్పుకున్నారు, ఖాళీలు ఏర్పడ్డాయి కనుక రద్దీకంతటికీ ప్రజాధనమే కారణం కాదు. అయినా అర్హత గీత ఎక్కడ గీయాలన్నది కత్తి మీద సాము. తక్కువగా పెడితే కాలక్షేపం అభ్యర్థులు వస్తారు, ఎక్కువగా పెడితే ఇప్పటికే పరపతి ఉన్నవారు మాత్రమే దాటుతారు. పోర్ట్‌లాండ్ దెబ్బతిన్నది ఇక్కడే అని నా అభిప్రాయం. వెయ్యి సంతకాలు ఒక్కసారి చూపిస్తే మొత్తం డబ్బు ఒక్కసారి వచ్చేది, మధ్యలో ఆగి చూసే మెట్టు లేదు. మ్యాచింగ్‌లో డబ్బు విడతలుగా వస్తుంది, ప్రతి విడతకూ ఎవరో కార్డులు తిరగేస్తారు. పోర్ట్‌లాండే 2016లో మళ్లీ పథకం తెచ్చుకుంది, 2020 ఎన్నికల్లో వాడింది. ఈసారి తెచ్చుకున్నది మ్యాచింగ్.

బినామీల సంగతి. జాన్ లూ ఉదంతాన్ని నేను వేరేలా చదువుతాను. అక్కడ బోర్డు డబ్బు ఇవ్వలేదు. నిరాకరించే ధైర్యం ఉన్న బోర్డు, దాన్ని నడిపే ఆడిటర్లు ఉన్నారు కనుక ఖజానా డబ్బు బయటికి పోలేదు. పథకాన్ని ప్రతిపాదించేవారు మ్యాచింగ్ రేటు గురించి రాసినంత వివరంగా ఆడిటర్ల జీతాల గురించి రాయరు, నాకు భయం అక్కడే.

సమాధానం: సందేహి

ఆ చివరి వాక్యాన్ని నేను కూడా ఒప్పుకుంటాను. ఇంకో అడుగు ముందుకు వేస్తాను. ఆ బోర్డుకు ఏటా డబ్బు కేటాయించేది ఎవరు? అదే మండలి సభ్యులు, అంటే రేపు తమ మీద పోటీ చేయబోయే కొత్తవారికి డబ్బు ఇచ్చే పథకాన్ని పోషించాల్సినవారు. ఓక్లండ్‌లో 2022లో ఓటర్లు వోచర్ల తరహా పథకాన్ని ఆమోదించారు. నగర బడ్జెట్ లోటులో పడటంతో 2024 ఎన్నికల్లో అది అమలు కాలేదు. దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. ఖజానా కటకటలాడేటప్పుడు ముందు కోతపడేది అభ్యర్థుల నిధికే, రోడ్ల గుంతలు పూడ్చే డబ్బు తెచ్చి కరపత్రాలకు ఇస్తామని ఏ సభ్యుడూ ప్రజల ముందు నిలబడి చెప్పలేడు. సియాటిల్ మాదిరిగా దీనికంటూ విడిగా పన్ను, గడువు ఉంటే తప్ప, తెచ్చిన పథకం తొలి లోటు బడ్జెట్ దాకా కూడా బతకదు. అలా విడిగా పన్ను వేయాలంటే మళ్లీ పెద్దాయన ప్రశ్న దగ్గరికే వస్తాం.

ప్రశ్న అడిగినవారు: పౌరలేఖరి

అందరికీ కృతజ్ఞతలు. నివేదికలో ఏం రాయాలో ఇప్పుడు కొంత స్పష్టత వచ్చింది. శాతాల పట్టికతో మొదలుపెట్టాలనుకున్నాను. దాన్ని వెనక్కి నెట్టి, చట్టం అనుమతి, అర్హత గీత, డబ్బు ఏ రోజున ఏ విడతలో వస్తుంది, ఆడిటర్లకు జీతం ఏ ఖాతా నుంచి వస్తుంది అన్న విషయాలు ముందు పెడుతున్నాను. మొత్తం గ్రాంటు ఒకేసారి ఇచ్చే పద్ధతిని సిఫారసు చేయను. ఫ్రెంచి పద్ధతిలోని జనాభా గీతను తీసుకుంటాను, ఎన్నిక తర్వాత చెల్లింపును తీసుకోను.

నిన్న ఆ పెద్దాయనను విడిగా కలిశాను. మ్యాచింగ్ అయితే ఇరుగుపొరుగు ముందు తమ జేబులోంచి తీసి ఇచ్చిన చోటికే ఆయన పన్ను వెళుతుందని, వోచరు అయితే ఎవరికి ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో ఆయనే నిర్ణయించుకోవచ్చని చెప్పాను. ఎవరు ఓడతారో ముందే తెలిస్తే ఎన్నికే అక్కర్లేదు కదా అని కూడా అన్నాను. వోచరు మాట ఆయనకు కొంత నచ్చినట్టుంది, ఇవ్వకుండా చించేయవచ్చా అని అడిగారు. చించేయవచ్చు, ఎవరూ వాడని వోచరుకు ఖజానా నుంచి డబ్బు పోదని చెబితే కాస్త మెత్తబడ్డారు. వెంటనే ఇంకొకటి అడిగారు: ఎదురు నిలిచేవాడే లేకుండా ఏకగ్రీవంగా గెలిచేవాడికి కూడా ఇస్తారా? నాకు మళ్లీ జవాబు తెలియలేదు.

సమాధానం: లెక్కలపద్దు

న్యూయార్క్‌లో ఇవ్వరు. బ్యాలెట్ మీద ప్రత్యర్థి లేని అభ్యర్థి ఎంతమంది దాతలను చూపించినా ఒక్క డాలరు రాదు. ప్రత్యర్థి నామమాత్రమే అయితే గరిష్ఠ మొత్తంలో నాలుగో వంతుకు మించి ఇవ్వరు. అంతకంటే కావాలంటే పోటీ నిజంగానే గట్టిగా ఉందని అభ్యర్థి రాతపూర్వకంగా చూపించుకోవాలి. మా ఎన్నికలో మేం కూడా అలాంటి పత్రం ఒకటి నింపాం. ప్రత్యర్థి బలవంతుడని మేమే ఒప్పుకుంటూ సంతకం చేయడానికి మా అభ్యర్థికి ఒక పూట పట్టింది.